ఇరవై ఐదు దగ్గర ఆగిన ముల్లు

మా అంగన్వాడీలో తూకం దూలానికి వేలాడేది. గడియారంలాంటి గుండ్రటి ముఖం, దాని కింద ఒక కొక్కెం, కొక్కేనికి తగిలించే గుడ్డ చెడ్డీ. నెల మొదటి వారంలో పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ చెడ్డీలో కూర్చోబెట్టి వేలాడదీస్తే కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చేవాళ్లు. ఏడవకుండా కూర్చున్నవాళ్లకు నేను ఒక బిస్కెట్ ఇచ్చేదాన్ని. ముల్లు ఊగి ఊగి ఎక్కడో ఒకచోట నిలిచేది, నేను అంకె రాసుకునేదాన్ని. ఆ తూకానికి ఇరవై ఐదు కిలోలే ఆఖరు. ఆపైన అంకెలు లేవు. అంగన్వాడీ పిల్లలకు అంతకన్నా ఎక్కువ అక్కర పడదని చేసినవాళ్లు అనుకున్నారు కాబోలు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ తూకంతో నేను చేసిన పని ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. నా నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. ఎవరైనా తప్పు చేస్తే ముఖం మీదే కడిగేస్తాను, సర్పంచి అయినా సరే. అలాంటిదాన్ని నా తప్పు దగ్గరికి వచ్చేసరికి నెలల తరబడి నీళ్లు నమిలాను. సిగ్గుగానే ఉంది. అయినా చెప్పేస్తున్నాను.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. అవి మూతపడ్డ ఏడాది నాన్న పని కోసం భివండీ పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, చెల్లె మిగిలాం. రోజూ గంజే. ఒకనాడు చెల్లెను బాల్వాడీలో ఇలాంటి తూకానికే వేలాడదీస్తే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. టీచరు అమ్మవైపు తిరిగి, "పిల్లకు ఏం పెడ్తున్నవమ్మా?" అంది. అందరి ముందర అమ్మ తల దించుకుంది. ఆనాటి నుంచి బక్కచిక్కిన పిల్లను చూస్తే నాకు అమ్మ దించుకున్న తలే గుర్తొచ్చేది, బొద్దుగా ఉన్న పిల్లను చూస్తే పండుగ. పెళ్లై కోరుట్ల పక్క ఊరికి వచ్చి, అక్కడే అంగన్వాడీ టీచర్నయ్యాక కూడా ఆ చూపు పోలేదు. మా ట్రైనింగులో నేర్పింది కూడా అదే. గీత పైకి పోతే మంచిది, అడ్డంగా పోతే ప్రమాదం, కిందికి దిగితే మరీ ప్రమాదం. పైకి మరీ ఎక్కువ పోతే ఏమిటని ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ పాపకు అప్పటికి నాలుగేళ్లు నిండాయి. తల్లి ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. పొద్దుగూకులూ తల ఎత్తే పని కాదు. పిల్ల కదిలితే తంబాకు ఒలుకుతుంది, ఆకు చెదురుతుంది. అందుకని పక్కన కూర్చోబెట్టి చేతిలో ఫోను, ఒళ్లో రంగురంగుల చిప్స్ ప్యాకెట్టు పెట్టేది. ఆమెను అనడానికి నాకేం నోరుంది? మా ఊళ్లో సగం ఇళ్లలో పిల్లలు అలాగే పెరుగుతున్నారు, తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు.

ఈ పాప తండ్రీ అక్కడే ఉన్నాడు. పిల్ల ఏడాదిది ఉన్నప్పుడు పోయినవాడు మళ్లీ రాలేదు. రోజూ మధ్యాహ్నం మా అంగన్వాడీలో అన్నాల వేళకు తల్లి చాట పక్కన పెట్టి ఫోను పట్టుకుని వచ్చేది. అతను తెర మీద కనిపించేవాడు. బంకు మంచం మీద కూర్చుని, వెనక తాడు మీద ఎవరివో బట్టలు.

"తిన్నవా బిడ్డా?" అనేవాడు. "ఏదీ, ముద్ద చూపియ్యి. బాపు కోసం ఇంకో ముద్ద తిను."

పాప నోరు పెద్దగా తెరిచి ముద్ద పెట్టుకునేది. అతను నవ్వేవాడు. "ఇంకొకటి. గది కూడ బాపు కోసం." అలా పప్పన్నం అయ్యాక గుడ్డు, గుడ్డయ్యాక పక్కపిల్లలు వదిలేసినది. మేము కూడా చప్పట్లు కొట్టేవాళ్లం. నేనైతే ఆ పాపను 'మా మహారాణి' అని పిలిచేదాన్ని. సూపర్‌వైజర్ మేడం వచ్చినప్పుడు ముందు వరుసలో కూర్చోబెట్టేదాన్ని, మా సెంటర్ గొప్ప కనబడాలని.

ఒకనెల మహారాణిని చెడ్డీలో కూర్చోబెట్టాను. సెంటర్‌లో వంట చేసి పిల్లల్ని చూసుకునే ఆయమ్మ, నేను ఇద్దరం కలిసి ఎత్తాల్సి వచ్చింది. ముల్లు గిర్రున తిరిగి ఇరవై ఐదుకు పోయి కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను ఇరవై ఐదు అని రాసుకున్నాను. మరుసటి నెలా ఇరవై ఐదే. ఆ మరుసటి నెలా అంతే. ముల్లు పోయేచోటు లేక ఆగిందని నాకు తెలియదా? తెలుసు. వేరే తూకం కావాలని పైకి చెబితే, ఇన్ని నెలలు ఏం రాశావని అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నాను.

ఆ నెలాఖరున సూపర్‌వైజర్ మేడం వచ్చి చార్టులు తిరగేస్తూ మహారాణి పేజీ దగ్గర ఆగింది. మూడు చుక్కలూ ఒకే వరుసలో ఉన్నాయి. గీత అడ్డంగా పోయింది.

"గీత అడ్డం పోయిందేంది? మూడు నెలల నుంచి పిల్ల పెరుగుతలేదు. చూస్తలేవా నువ్వు?" అంది మేడం.

మా లెక్కలో అది ఎదుగుదల ఆగిపోయిన పిల్ల. పాప ఎదురుగానే ఉంది, గోడకు ఆనుకుని, ఫ్రాకు కుట్లు పిగిలేలా. మేడం కళ్లెత్తి ఒకసారి చూస్తే చాలు. కానీ ఇంకో నాలుగు సెంటర్లు తిరగాల్సిన మనిషి, ఆమె చూపంతా చార్టు మీదే ఉంది. నేను "మేడం, తూకమే గంతవరకు ఉంది" అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

"డబుల్ రాస్తున్న. రోజు ఇంకో గుడ్డు పెట్టు. ఇంటికి పిండి ప్యాకెట్లు కూడ ఇయ్యి," అని రాసి సంతకం పెట్టి పోయింది.

చక్కెర కలిపిన ఆ పిండి ప్యాకెట్లు నా చేతులతోనే తల్లికి ఇచ్చాను. "మేడం చెప్పింది, జావ కాసి రెండుపూటల తాగియ్యి" అన్నాను. ఆమె నేను నెలనెలా బరువు రాసిచ్చే కార్డు విప్పి ఆ అంకెలు చూసుకుంది. "పెరుగుతలేదా అక్క?" అని భయంగా అడిగింది. నేను తల ఊపాను. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని ఆ రోజంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఇంటి నుంచి సెంటర్‌కు నూరడుగులుండవు, దారిలో పాప మూడుచోట్ల కూర్చునేది. గడప దగ్గర ఆగి నోటితో ఊపిరి తీసేది. మిగతా పిల్లలు వాకిట్లో ఉరుకుతుంటే ఆమె కిటికీ దగ్గర కూర్చుని చూసేది. ఆయమ్మ కల్లుగీసే వాళ్ల ఇంటి మనిషి, చదువు లేదు కానీ కన్ను గట్టిది.

"టీచర్, గీ పిల్ల పండుకుంటె గుర్రు పెడ్తంది. గుర్రు పెట్టి పెట్టి నడిమిట్ల ఆగుతంది. నాకు భయమైతంది," అంది ఒకరోజు.

"నీకు అన్నీ భయాలే. పెద్దోళ్లు గుర్రు పెడ్తలేరా?" అని గయ్యిమన్నాను. లోపల భయం ఉన్నప్పుడే నాకు గొంతు పెద్దదవుతుంది.

ఆ వారంలోనే, మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలందరినీ చాప మీద పడుకోబెట్టాం. నేను రిజిస్టరు రాస్తున్నాను. పాప గురక వినిపిస్తోంది. వినిపించి, వినిపించి, ఆగింది. నేను కలం ఆపాను. మళ్లీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు. రిజిస్టరు పడేసి ఉరికాను. పాప ఛాతీ లోపలికి పీక్కుపోతోంది, పైకి లేస్తోంది, కానీ గాలి పోవడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. నేను భుజాలు పట్టి ఊపాను. ఆయమ్మ వచ్చి పిల్లను పక్కకు తిప్పి వీపు మీద చరిచింది. పెద్ద చప్పుడుతో ఊపిరి వచ్చింది. పాప కళ్లు తెరిచి మమ్మల్ని చూసి, ఏం జరిగిందో తెలియక, "ఆకలైతంది" అంది.

ఆయమ్మ నన్ను చూసింది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె కళ్లల్లో ఉంది.

మరునాడు పొద్దున్నే తల్లినీ పాపనూ తీసుకుని జగిత్యాల బస్సెక్కాను, పిల్లల డాక్టరు దగ్గరికి. తల్లికి నేను చెప్పింది ఒక్కటే, "ఊపిరి సరిగ్గ ఆడుతలేదు, చూపిద్దాం" అని. బస్సులో పాప కిటికీకి తల ఆనించి మళ్లీ నిద్రపోయింది. కునుకు పట్టినప్పుడల్లా తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "ఇంట్ల కూడ గిట్లనే జేస్తది అక్క. జలుబనుకున్న," అంది. దారి పొడవునా ఇద్దరం ఆ వేలినే చూస్తూ పోయాం.

డాక్టరు గదిలో నేల మీద నిలబడి తూగే తూకం ఉంది. పాప ఎక్కింది. ఇరవై తొమ్మిది. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు, మెడ వెనక నల్లబడ్డ చర్మం చూశాడు, ఎత్తు కొలిచాడు. తర్వాత మా కార్డు అడిగి తీసుకున్నాడు.

"ఇరవై ఐదు, ఇరవై ఐదు, ఇరవై ఐదు... ఐదు నెలలు ఇదే అంకె. ఇది ఎవరు రాసిండ్రు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. తల్లి నా వైపు చూపించి, "మా టీచరక్క రాసింది సార్. మస్తు మంచిగ చూస్కుంటది పిల్లల్ని. పిల్ల పెరుగుతలేదని డబుల్ తిండి కూడ ఇప్పిచ్చింది," అంది. నన్ను మెచ్చుకుంటూ అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరు నన్ను ఒకసారి చూశాడు, అర్థమైనట్టుంది. తల్లివైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. గొంతు లోపల టాన్సిల్ గడ్డలు వాచాయి, దానికి తోడు మెడ చుట్టూ కొవ్వు పట్టింది, పడుకుంటే గాలి దారి మూసుకుపోతోంది. మందు రాస్తాను, తగ్గకపోతే ఆపరేషన్. "అన్నిటికన్నా ముందు బరువు ఆగాలె. పస్తులు పెట్టొద్దు, తగ్గించొద్దు. ఇరవై తొమ్మిది దగ్గర ఆపండి చాలు. ఎత్తు పెరిగినకొద్ది ఒళ్లు సర్దుకుంటది. ప్యాకెట్లు బంద్. రోజు ఉరకాలె, ఆడాలె. పక్కకు తిప్పి పండవెట్టండి. పది దినాలకు మళ్ల తీస్కరండి."

జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం కూర్చున్నాం. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. చెప్పాను. తూకానికి ఇరవై ఐదే ఆఖరని, ముల్లు ఆగిందే తప్ప పిల్ల ఆగలేదని, తెలిసే రాశానని.

ఆమె కిందికి వంగింది. పాప చెప్పుల పట్టీ సరిచేసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"నాకు సదువు రాదు అక్క. అంకెలు ఒక్కటే గుర్తువడ్తా. నువ్వు రాసిన అంకెలు చూసే నేను తినవెట్టిన. గా జావ తాగనని ఏడిస్తె ముక్కు మూసి తాగిపిచ్చిన."

బస్సు వచ్చింది. ఆమె నా పక్కన కూర్చోలేదు.

మరుసటి రోజు పాప రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆయమ్మ రోజూ పొద్దున పిలవడానికి పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చేది. నాకు అన్నం సయించేది కాదు. ఆ పిల్ల ఇంట్లో చాట పక్కనే కూర్చుని ఉంటుంది, ఏడిస్తే మళ్లీ ప్యాకెట్టే ఇస్తుంది, ఇంకేం చేస్తుంది? కునుకు పడితే పక్కకు తిప్పుతుందా? తల ఎత్తితే బీడీలు సాగవు. నా మీద కోపం పిల్ల మీదికి పోతే ఎలా? ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక నేనే పోయాను.

ఆమె చాట ముందే ఉంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. పాప పక్కన పళ్లెంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. ఫోను డబ్బాకు ఆనించి ఉంది. తెర మీద తండ్రి.

"ఇంకో ముద్ద బిడ్డా. బాపు కోసం," అంటున్నాడు.

పాప చెయ్యి నోటి దగ్గరకు పోయింది. తల్లి ఆపలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయనకు ఏమీ చెప్పలేదని అర్థమైంది.

నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. "తమ్మీ, నేను టీచర్ను. నీకొక మాట చెప్పాలె," అన్నాను. ఆమె "వద్దక్కా" అని నా చెవిలో గొణిగింది. "ఆయన పరేషాన్ల ఉన్నడు. కంపెనీ మూతవడ్డది. ఆర్నెల్ల నుంచి క్యాంపుల కూసున్నరు. ఎవరో దినాం ఒక్కపూట తెచ్చి పెడ్తున్నరట. పాస్‌పోర్ట్ ఇస్తలేరు. గీ పిల్ల తింటుంటె చూసుడే ఆయనకు మిగిలింది."

ఇన్ని నెలలు మేము చప్పట్లు కొట్టింది దీనికా? ఆకలితో ఉన్న మనిషి తన వంతు ముద్దలు కూడా బిడ్డకు తినిపించుకుంటున్నాడు. ఫోను పెట్టేద్దామనుకున్నాను. కానీ మంచం మీద పాప రోజూ ఎటు తిరిగి పడుకుంటుందో, ఊపిరి ఎప్పుడు ఆగుతుందో ఎవరు చూస్తారు? చెప్పేశాను. నా తప్పుతో మొదలుపెట్టి, పెదవులు నల్లబడటం దాకా.

అతను వింటూ ఉన్నాడు. ముఖం తెరకు మరీ దగ్గరగా వచ్చింది, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. ఎన్నాళ్లనుంచో చూస్తున్న ముఖమే, నేను ఏనాడూ సరిగ్గా చూడలేదు.

"నేను తినుమన్నందుకే గిట్లయ్యిందా మేడం?" అన్నాడు.

"కాదు. నేను రాసినందుకు."

అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అతను, "మరి నేను దినాం ఏం జూడాలె?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. పళ్లెం ముందు కూర్చున్న పాపను చూసి నోటికొచ్చింది అన్నాను, "అన్నం తినేటప్పుడు వద్దు తమ్మీ. పొద్దుగాల పది గంటలకు ఫోన్ చెయ్యి. ఆడేటప్పుడు చూడు."

మర్నాడు పాప వచ్చింది. తల్లి గడప బయటే ఆగి, "బిస్కెట్లు ఉన్నయా లోపట?" అని అడిగింది. బిస్కెట్ డబ్బా నేను ముందురోజే తీసి ఆయమ్మ చేత బయటికి పంపించేశాను. ఆ మాటే చెప్పాను. అందరి సంచులూ గడప దగ్గర విప్పించి ప్యాకెట్లు తల్లుల చేతికే తిరిగి ఇచ్చాను. నలుగురైదుగురు నా మీద విరుచుకుపడ్డారు. "మా పిల్లలు మా ఇష్టం" అన్నారు. ఒకామె అయితే, "దుబాయ్ నుంచి మొగుడు పంపిన చాక్లెట్ కూడ తిననియ్యవా?" అంది. నేను ఊరుకుంటానా? నేనూ నాలుగన్నాను. రెండో గుడ్డు ఆపేశాను. ఆయమ్మ వాకిట్లో సుద్దతో తొక్కుడుబిళ్ల గీసింది.

మొదటిరోజు పాప మూడు గళ్లు గెంతి కూర్చుండిపోయింది. కిటికీలో ఆనించిన ఫోనులో అతను చూస్తున్నాడు. రెండోరోజూ మూడే. వారానికి ఐదు గళ్లు. మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు నేనో ఆయమ్మో ఒకరం పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెట్టేవాళ్లం. నాకు ఆ గంట గడవడం అంత కష్టంగా ఏ పనీ అనిపించలేదు. ఆగినప్పుడల్లా తిప్పేవాళ్లం. తర్వాత్తర్వాత తిప్పాల్సిన అవసరం తగ్గింది. మళ్లీ తీసుకుపోయి చూపిస్తే, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నాడు డాక్టరు.

తూకం మాత్రం మా దూలానిది కాదు. వడ్లు కొనేచోట నేల మీద పెట్టే కాంటా ఉంటుంది, నెలకోసారి అక్కడికి తీసుకుపోయేదాన్ని. వడ్ల బస్తాలు దించి పిల్లను ఎక్కించేవాళ్లు, నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. చార్టులో పాత ఇరవై ఐదులన్నీ కొట్టేసి పక్కన నా సంతకం పెట్టాను. పైన గడులు లేకపోతే పెన్సిల్‌తో గీసుకున్నాను. ఇరవై తొమ్మిది. మరుసటి నెల ఇరవై తొమ్మిది. మూడో నెలా అంతే.

సూపర్‌వైజర్ మేడం వచ్చిన రోజు సరిగ్గా పది గంటలు. పిల్లలు వాకిట్లో ఉన్నారు. తల్లి ఫోను కిటికీలో పెట్టి పక్కన నిలబడింది. మేడం చార్టు తిప్పి అదే పేజీ దగ్గర ఆగింది. కొట్టివేతలు చూసి నుదురు ముడిచింది. "ఇదంత ఏంది, ఎవరు కొట్టెయ్యమన్నరు నిన్ను? మెమో వస్తది," అంది. తర్వాత కొత్త చుక్కల మీద వేలు పెట్టింది.

"మళ్ల అడ్డమే పోయింది. మూడు నెలలు. డబుల్ రాయాల్నా?"

కలం మూత తీసింది. ఈసారి నేను నోరు తెరిచాను. గోడ మీద పాప ఎత్తుకు పెన్సిల్‌తో ఒకదాని పైన ఒకటిగా పెట్టిన మూడు గుర్తులు చూపిద్దామని, అంతా మొదటి నుంచి చెబుదామని లేచాను. అంతలోనే కిటికీలోంచి మాట వినిపించింది. అతను అంతా వింటూనే ఉన్నాడు.

"వద్దు మేడం," అన్నాడు. "నా బిడ్డకు సాలు."

మేడం ఎవరు మాట్లాడారా అని అటు ఇటు చూసింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి ఆ ముందురోజు తిండి తెచ్చేవాళ్లు రాలేదని, పొద్దున్నే ఆమె నాతో చెప్పింది. వాకిట్లో పాప ఎనిమిదో గడి దాటి, వెనక్కి తిరిగి, కూర్చోకుండా మళ్లీ గెంతడం మొదలుపెట్టింది.